శారదా నికేతన స్థాపకులు ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు

అన్ని దానాలలో విద్యాదానం మిన్న అని పెద్దలంటారు. ఆ దానం చేయడానికి ధనరాశులు ఉండి తీరాలన్న నియమం లేదు. పత్తి, మిరప పండే మన గుంటూరు సీమలో జమీందారు కాకున్నా, వ్యాపారి కాకున్నా, తన వృత్తినీ జీవితాన్నీ విద్యాసేవకు ధారపోసిన మహనీయులు ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు.

వారు 1877 డిసెంబరు 4న గుంటూరు జిల్లా వేములూరుపాడులో జన్మించారు. యౌవనంలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారి సంస్కరణోద్యమం వారిని ఆకర్షించింది. బాల్యంలోనే భర్తను కోల్పోయిన ఆడపిల్లలు ఇంటి మూలన మగ్గిపోతున్న ఆ రోజులలో, 1902లో గుంటూరులో వితంతు శరణాలయాన్ని నెలకొల్పి, పునర్వివాహాలు జరిపించారు. బంధువర్గపు ఆగ్రహాన్నీ, సంఘపు నిందలనూ లెక్కచేయలేదు.

పిమ్మట ఐర్లండుకు వెళ్లి, డబ్లిన్‌లో చదివి 1916లో బారిస్టరయ్యారు. అక్కడి స్వాతంత్ర్యోద్యమం వారి మనస్సుపై గాఢమైన ముద్ర వేసింది. తిరిగి వచ్చి చెన్నపట్నంలో న్యాయవాదిగా స్థిరపడుతున్న తరుణంలో గాంధీజీ పిలుపు వినవచ్చింది. సంపాదననిచ్చే వృత్తిని వదలుకొన్నారు. అడవిలో పశువులను మేపుకొన్నందుకు విధించిన పుల్లరి పన్నును ఎదిరించిన 1921 నాటి పల్నాటి రైతుల పక్షాన నిలిచి చెరసాలకు వెళ్లారు.

రాయవెల్లూరు చెరసాలలోనే ‘మాలపల్లి’ నవల రూపుదిద్దుకొన్నది. మాల కుటుంబాన్ని కథకు కేంద్రంగా నిలిపి, పల్లెప్రజల పలుకుబడిని గ్రంథస్థం చేసిన ఆ నవల 1922లో వెలువడగా, మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. పీడితులకు విద్య అందనిదే విముక్తి లేదన్న భావం ఆ గ్రంథమంతటా ప్రవహిస్తుంది.

కాగితంపై వ్రాసిన ఆ భావానికి 1922లోనే గుంటూరులో ఆకారం కల్పించారు. అదే శారదా నికేతనం. బాలికలకు, నిరాశ్రయ స్త్రీలకు భాషా సాహిత్యాలతోపాటు జీవనోపాధికి పనికివచ్చే చేతిపనులు కూడా నేర్పిన సంస్థ అది. చదువు జ్ఞానాన్నిస్తే చాలదు, తన కాళ్లపై తాను నిలిచే ధైర్యాన్ని కూడా ఇవ్వాలన్నది దాని ఆశయం. పంతులుగారి అర్ధాంగి లక్ష్మీబాయమ్మగారు ఆ ఆశయంలో సగభాగం కాదు, ప్రాణం. సంస్థ నిర్వహణ భారాన్ని ఆమె భుజాన వేసుకొన్నారు. దంపతులిరువురూ స్వాతంత్ర్య సమరంలో చెరసాలలు చూచినవారే.

1958 సెప్టెంబరు 25న పంతులుగారు కీర్తిశేషులయ్యారు. వారు కూడబెట్టిన ఆస్తి ఏదని అడిగితే, చదువుకొని బ్రతుకు దిద్దుకొన్న ఆడపిల్లలనే చూపవలసి ఉంటుంది.

నేటికీ పత్తితీతలు, మిరపకోతలు వచ్చేసరికి చదువుకు దూరమయ్యే బాలికలు మన పల్లెలలో ఉన్నారు. వారిలో ఏ ఒక్కతె తిరిగి వచ్చినా తలుపు తెరిచి ఉంచడం విద్యాసంస్థలను నడిపే పెద్దల ధర్మం. ఆమె చేయి పట్టి తోడ్కొని రావడం విద్యార్థుల ధర్మం. దాతల సొమ్ముతో గోడలు లేస్తాయి. ఆ గోడల మధ్య దీపం వెలగాలంటే మాత్రం ఉన్నవవారి వంటి త్యాగం, లక్ష్మీబాయమ్మగారి వంటి ఓర్పు కావాలి.