మాట్లాడే తెలుగుకు మార్కులడిగిన మాస్టారు

ఇంట్లో మాట్లాడినట్టు బడిలో రాస్తే తప్పు. నూరేళ్ల కిందట తెలుగు పిల్లల గతి ఇది. 'చేస్తున్నాడు' అని రాస్తే కొట్టేసేవారు, 'చేయుచున్నాడు' అని దిద్దుకోవాలి. 'వచ్చారు' అంటే మార్కు పోయేది, 'వచ్చిరి' అంటే దక్కేది. ఏ ఊళ్లోనూ ఏ తల్లీ బిడ్డను 'వచ్చితివా' అని పలకరించి ఎరగదు. అయినా పరీక్షలో ఆ తెలుగే తెలుగు. చదువుకున్న వాళ్ల ఇళ్లలో పిల్లలు ఎలాగో నెట్టుకొచ్చేవారు. అక్షరం తెలియని ఇంటి నుంచి బడికి వచ్చినవాడు అక్కడే చతికిలబడేవాడు.

ఈ అన్యాయం మీద 34 ఏళ్లు పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు శ్రీకాకుళం ప్రాంతం బిడ్డ. శ్రీముఖలింగానికి దగ్గరలో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. తండ్రి వీర్రాజుది జమీందారీ కొలువు. చోడవరం బదిలీ అయి అక్కడే విషజ్వరంతో 1875లో పోయారు. పన్నెండేళ్ల పిల్లవాడు విశాఖపట్నంలో మేనమామ ఇంట్లో ఉండి 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారు ఉద్యోగం, నెలకు 30 రూపాయల జీతం. పై చదువులన్నీ ఉద్యోగం చేసుకుంటూ చదివినవే. బి.ఏ. కూడా అలాగే పూర్తి చేశారు.

ముఖలింగం గుడి గోడల మీది పాత రాతలు చదవాలన్న కోరిక పుట్టింది. నేర్పేవారు లేరు. పుస్తకాలు తెప్పించుకుని ఆ లిపిని తనంత తానే కూడబలుక్కుని నేర్చుకున్నారు. గాంగరాజుల కళింగనగరం మన ముఖలింగమేనని వాదించి రాశారు.

పర్లాకిమిడి సంతకు కొండల నుంచి సవరలు దిగేవారు. వాళ్ల మాట ఊళ్లోవాళ్లకు అర్థం కాదు, ఊళ్లో మాట వాళ్లకు అర్థం కాదు. బేరంలో మోసపోయేది వాళ్లే, కచేరీలో నోరు పెగలనిదీ వాళ్లకే. రామమూర్తి పంతులు ఆ భాష నేర్చుకోవడానికి పూనుకున్నారు. అది తెలుగు కుదురు నుంచి పుట్టినది కాదు. సంతాలీ, గదబ భాషల చుట్టరికం దానిది. అందులో గొంతు దగ్గర బిగబట్టి పలికే ధ్వనులున్నాయి, వాటికి తెలుగులో అక్షరాలు లేవు. పుస్తకం లేని భాషకు చెవే పుస్తకం. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని పాఠం చెప్పించుకున్నారు. పెద్ద కులం పంతులుగారి ఇంట్లో ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. కొన్ని కొండ ఊళ్లకు కాలినడకన, కొన్నింటికి ఎడ్లబండి మీద తిరిగారు. మాటలు, పాటలు, కథలు రాసుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, చెప్పేవాళ్లకు జీతాలిచ్చారు.

మన్యం ఊరికే వదల్లేదు. విషజ్వరం పట్టుకుంది. జ్వరానికి మింగిన క్వినైన్ ఎక్కువై వినికిడి పోయింది, మళ్లీ రాలేదు. మనుషుల నోటి మాట పట్టుకోవడమే పనిగా పెట్టుకున్నవాడికి చెవులు పోవడమంటే రైతుకు ఎడ్లు పోయినట్టే. అయినా పని ఆపలేదు. సుమారు 35 ఏళ్ల శ్రమతో తయారైన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1938లో సవర నిఘంటువు వచ్చింది.

సవర పిల్లవాడికి సవరలో చదువు చెప్పాలన్నప్పుడు తెలుగు పిల్లవాడికి వాడి తెలుగులో ఎందుకు చెప్పకూడదు? యేట్స్ అనే ఇంగ్లీషు దొర బడుల తనిఖీ అధికారిగా ఉత్తర కోస్తాకు వచ్చారు. జనం మాట్లాడే తెలుగు, బడిలో తెలుగు వేరువేరుగా ఉన్నాయేమని అడిగారు. దొర అడిగిన ప్రశ్న మనవాళ్లకు ముందే తట్టి ఉండవలసింది. అప్పటి నుంచి గిడుగు, 'కన్యాశుల్కం' రాసిన గురజాడ అప్పారావు, విశాఖ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, యేట్స్ ఒక జట్టయ్యారు. గిడుగు 1911లో ఉద్యోగం విరమించి పూర్తిగా ఈ పనిలోకి దిగారు. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసం వాడుక భాషలో రాసినా సరేనన్నారు. పండితులు ఒప్పుకోలేదు. జయంతి రామయ్య పంతులు ముందుండి ఎదురువాదం నడిపారు. 1915లో ఆ సౌకర్యం రద్దయింది. ఆ ఏడు చివరనే గురజాడ కన్నుమూశారు.

ఇంకొకరైతే అక్కడితో విరమించేవారు. గిడుగు ఊరూరా తిరిగారు. 1916లో కొవ్వూరు పండితుల సభలో నాలుగు గంటలు మాట్లాడారు. ఒట్టి ఆవేశం కాదు. పుస్తకాలు ముందు పెట్టుకుని, మీరు తప్పన్న మాట ఫలానా కవి వాడాడు చూడండని చూపించేవారు. గ్రాంథికం కావాలనే వారి రాతల్లోనే వ్యాకరణం తప్పులు ఏరి పుస్తకం వేశారు. ఎదుటివారికి ఒళ్లు మండిందంటే మండదా! 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. అదే ఏడు వాడుక భాష కోసం పెట్టిన సమాజానికి కందుకూరి వీరేశలింగం పంతులు అధ్యక్షులయ్యారు. 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు కూడా వాడుక భాషపై నిషేధం ఎత్తివేసింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగువారు ఎంతో మంది ఉన్న ఊరు అటు పోరాదని గిడుగు గట్టిగా పోరాడారు, ఫలించలేదు. 56 ఏళ్లు బతికిన ఊరిని ఆ రోజే వదిలి, 72 ఏళ్ల వయసులో రాజమండ్రి చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1940 జనవరి 15న 'ప్రజామిత్ర' కార్యాలయంలో పత్రికల వారిని కలిసి, జనానికి తెలిసే భాషలోనే చదువులూ రాతలూ సాగాలని మరొకసారి అడిగారు. వారం తిరిగేసరికి, జనవరి 22న, పంతులుగారు పోయారు.