న్యాయము కొరకు నిలిచిన కాపరి: రెవ. డా. మార్టిన్ లూథర్ కింగ్

అమెరికాలోని నల్లజాతి సంఘములు లోకమునకు అందించిన దైవసేవకులలో రెవ. డా. మార్టిన్ లూథర్ కింగ్‌గారు ముఖ్యులు. ఆయన 1929 జనవరి 15న అట్లాంటా నగరమున జన్మించిరి. తండ్రిగారును, తల్లివైపు తాతగారును ఎబినేజరు బాప్తిస్టు సంఘ కాపరులు. ఆయనకు మొదట పెట్టిన పేరు మైఖేల్. తండ్రిగారు 1934లో జర్మనీ వెళ్లివచ్చిన పిమ్మట, సంఘ సంస్కర్తయైన లూథరు పేరును తానును ధరించి, కుమారునికిని పెట్టిరి. కింగ్‌గారు 1954లో మాంట్‌గోమరీ పట్టణమున డెక్స్‌టర్ అవెన్యూ సంఘమునకు కాపరియై, మరుసటి ఏట బోస్టన్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి.

1955 డిసెంబరు 1న బస్సులో తెల్లజాతి ప్రయాణికునికి సీటు విడువనందుకు రోజా పార్క్స్ అను సహోదరిని పోలీసులు నిర్బంధించిరి. నల్లజాతివారు 381 దినములు బస్సులెక్కక నడిచిరి. ఆ దినములలో కింగ్‌గారి యింటిపై బాంబు పడెను. ఆగ్రహముతో ఆయుధములు పట్టి వచ్చిన జనులను ఆయన శాంతపరచి ఇండ్లకు పంపివేసిరి. 1959లో సతీసమేతముగా మన దేశమునకు వచ్చి, గాంధీగారి మార్గమును దగ్గరగా తెలిసికొని వెళ్లిరి.

1963లో బర్మింగ్‌హామ్ పోరాటము జరిగెను. ఎనిమిదిమంది తెల్లజాతి మతనాయకులు ఊరేగింపులు తగవని చెప్పి, పోలీసుల నిగ్రహమును మెచ్చుకొనిరి. కింగ్‌గారు చెరసాలనుండి వారికి సుదీర్ఘమైన జాబు వ్రాసిరి. మరుసటి నెలలోనే పోలీసులు బాలబాలికలపైకి కుక్కలను విడిచిరి, అగ్నిమాపకుల నీటిధారలతో వారిని పడగొట్టిరి. ఆ దృశ్యములు చూచి లోకము నివ్వెరపోయెను. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చెను. కింగ్‌గారికి నోబెల్ శాంతి బహుమతియు లభించెను. 1965 మార్చి 7న సెల్మా వంతెనమీద పోలీసులు శాంతియాత్రికులను లాఠీలతో చావగొట్టిరి. ఆగస్టు 6న ఓటుహక్కు చట్టము అమలులోనికి వచ్చెను.

అయిదు దినములకే లాస్ ఏంజలిస్‌లోని వాట్స్ పేట మండిపోయెను. ఒక నల్లజాతి యువకుని పోలీసులు నిర్బంధించుటతో రేగిన అల్లరి ఆరు దినములు సాగి, 34 మందిని బలిగొనెను. దేశమంతట వాదోపవాదములు చెలరేగెను. ఇది నేరగాండ్ర పనియేనని, కఠినముగా అణచవలెనని కొందరనిరి. ఏండ్ల తరబడి పోలీసులు కొట్టుచుండగా పలికినవారెవరని మరికొందరు అడిగిరి. కింగ్‌గారు స్వయముగా అక్కడికి వెళ్లిరి. కొందరు యువకులు ఆయన అహింసను ఎగతాళి చేసిరి. పోలీసులపై ఫిర్యాదులు విచారించుటకు పౌరసంఘము కావలెనని ఆయన కోరగా, నగరాధికారులు నిరాకరించిరి.

1967లో నూవార్క్‌లో 26 మంది, డెట్రాయిట్‌లో 43 మంది ఇట్టి అల్లర్లలో మరణించిరి. కింగ్‌గారు రెండు పక్షముల నిందలును మోసిరి. దహనములను, దోపిడీని ఆయన ఎన్నడును సమర్థింపలేదు. అయితే నిరుద్యోగము, మురికివాడలు, పోలీసు దౌర్జన్యము ఎవ్వరికిని పట్టకున్నంత కాలము అల్లరిని మాత్రమే ఖండించుట న్యాయము కాదని బోధించిరి. అధ్యక్షుడు జాన్సన్ నియమించిన కెర్నర్ కమిషనుకూడ 1968లో, ఈ అల్లర్లకు మూలము తెల్లజాతి వివక్షయేయని తేల్చెను.

అదే సంవత్సరము మెంఫిస్‌లో పారిశుధ్య కార్మికులు సమ్మె చేయగా ఆయన వారికి తోడు నిలిచిరి. మార్చి 28 ఊరేగింపులో అల్లరి రేగెను. పోలీసు తుపాకికి 16 ఏండ్ల బాలుడు బలియాయెను. కింగ్‌గారు మిక్కిలి కృంగిపోయిరి. అయినను శాంతియుతముగా మరల నడిపింపవలెనని తిరిగి వచ్చి, ఏప్రిల్ 4న హంతకుని గుండుకు నేలకొరిగిరి. అప్పటికాయనకు 39 ఏండ్లే. ఆయన మరణవార్తకు నూరుకు పైగా నగరములలో అల్లర్లు రేగుట, ఆయన జీవితాంతము దేనిని వారింపజూచెనో అదియే జరుగుట, హృదయవిదారకము.

2020లో మిన్నియాపొలిస్ పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ మరణించినప్పుడు అదే వాదము మరల లేచెను. అల్లరి వినబడినప్పుడు మాత్రమే మేలుకొను సంఘము ఆలస్యముగా మేలుకొన్నట్లే. అల్లరికి ముందు వినబడిన మూల్గును ఆలకించుటయే కాపరి పని అని ఆయన జీవితము మనకు నేర్పుచున్నది.