నూరేళ్లు పనిచేసిన మెదడు

నాంపల్లి రైల్వేస్టేషన్ కట్టిన మరుసటి ఏడాదే, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. అబిడ్స్ నుంచి నది వైపు దిగితే వచ్చే అఫ్జల్‌గంజ్ మునిగిపోయింది. వేలమంది చనిపోయారు. మళ్లీ ఇంత వరద రాకుండా దారి చూపమని నిజాం ప్రభుత్వం 1909లో పిలిపించుకున్న ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. అప్పటికే బొంబాయి కొలువు వదిలేశారు. వయసు యాభైకి దగ్గర పడుతోంది.

ఆయన పూర్వికులది ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. పుట్టింది కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నా పట్టుదలగా పుణెలో ఇంజినీరింగ్ చదివారు. హైదరాబాద్‌కు ఎగువన జలాశయాలు కట్టాలన్న ఆయన సూచనతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. నగరానికి మురుగునీటి పథకమూ రూపొందించారు. తర్వాత 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాన్. ఇదంతా బడి పుస్తకాల్లో చదివిందే. మనకు కావాల్సింది ఆయన ముదిమి. 1951లో, తొంభై ఏళ్ల వయసులో ఆత్మకథ అచ్చువేయించారు. తొంభై దాటాక, బిహార్‌లోని మొకామా దగ్గర గంగపై వంతెన ఎక్కడ కడితే బాగుంటుందో తేల్చారు. 1955లో భారతరత్న అందుకున్నారు. నూరేళ్లు నిండాక, 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు.

సీటీ స్కాన్‌తో తొలిసారి రోగి మెదడును చూసింది 1971లో. అంటే ఆయన మెదడు ఎలా ఉండేదో ఎవరూ చూడలేదు. చూసి ఉంటే అది కుంచించుకుపోయే కనిపించేది. ఆ వయసులో ఎవరికైనా అంతే.

మెదడు పైపొర మందం సగటున రెండున్నర మిల్లీమీటర్లే. మడతలన్నీ విప్పి పరిస్తే దినపత్రిక పెద్ద పేజీ అంత ఉంటుంది. నలభై దాటాక మెదడు పరిమాణం పదేళ్లకు సుమారు 5 శాతం చొప్పున తగ్గుతుందని అంచనా. పైపొర పల్చబడుతుంది, మడతలు సన్నబడతాయి, వాటి మధ్య గాడులు వెడల్పవుతాయి. నుదుటి వెనక భాగంలో ఈ మార్పు ఎక్కువ, చూపును గ్రహించే వెనక భాగంలో తక్కువ. కణాలు కుప్పలుగా చచ్చిపోవు. చాలావరకు అవి చిన్నబడతాయి, వాటి మధ్య అనుసంధానాలు తగ్గుతాయి. అందుకే తెలిసిన పేరు చటుక్కున గుర్తురాదు, లెక్క కాస్త ఆలస్యమవుతుంది. మాటల సంపద, ఏళ్ల తరబడి పోగైన పనితనం మాత్రం చాలాకాలం నిలుస్తాయి.

ఇప్పుడు నాంపల్లిలోనో అబిడ్స్‌లోనో నాన్నగారికి స్కాన్ తీయిస్తే, రిపోర్టులో వయసుకు తగ్గ ఎట్రోఫీ అన్న ముక్క చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. నిజానికి ఆ ముక్క ఒక్కటే జబ్బు కాదు. అలాగని పెద్దతనం కదా అని అన్నిటినీ కొట్టిపారేయకూడదు. రోజూ వెళ్లే వీధిలో దారి తప్పడం, అలవాటైన డబ్బు లెక్కలు చేతకాకపోవడం, ఇప్పుడే అడిగింది మళ్లీ మళ్లీ అడగడం ఉంటే న్యూరాలజిస్టుకు చూపించాలి. బీ12 లోపం, థైరాయిడ్ లోపం కూడా మతిమరుపు తెస్తాయి. ఈ రెంటినీ మామూలు రక్తపరీక్షతో పట్టుకోవచ్చు, మందులతో సరిచేయొచ్చు.