హైదరాబాదు రహీం సాహెబు

1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు. ఉస్మానియా పట్టభద్రుడై, కాచిగూడ మొదలైనచోట్ల పాఠశాలలలో బోధించి, పిదప వ్యాయామ శాఖకు మారినారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శి అయినారు. 1950 మొదలు ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన శిష్యులైన భారత జట్టువారు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం తెచ్చినారు.

మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో మనవారు ఒకటికి పది గోల్స్‌తో ఓడిపోయినారు. వారిలో చాలామంది బూట్లు లేక ఆడినవారే. తరువాత బూట్లు తప్పనిసరి అయినవి. కాని బూట్లు తొడిగినంత మాత్రాన ఆట వచ్చునా? ఆటగాని బుద్ధికి పదును పెట్టుటకు రహీం సాహెబు పన్నిన ఉపాయాలు విశేషమైనవి. వాటంలేని కాలితోనే ఆడవలసిన పోటీలు, డ్రిబ్లింగు నిషేధించిన పోటీలు హైదరాబాదులో నడిపినారు. అలవాటైన దారి మూసుకొనిపోగా బాలుడు మరొక దారి వెదకక తప్పదుగదా! లెక్క విడదీసి చూపుటకంటె, తగిన లెక్క కట్టి ఇచ్చుటే ఉపాధ్యాయునికి కష్టమైన పని.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, భారత జట్టు నాల్గవ స్థానం పొందినది.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో గురువుగారికే గడ్డులెక్క ఎదురైనది. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనను 2–0తో ఓడించినది. రక్షణ వరుసకు స్తంభంవంటి జర్నైల్ సింగ్‌కు థాయిలాండుతో ఆడునప్పుడు తల పగిలి కుట్లు పడినవి. వెనుక నిలుపుటకు వీలులేదు; బయట కూర్చుండబెట్టుటకు మనసొప్పదు. కొల్లేటిలో గుర్రపుడెక్క అడ్డుపడినచో దోనెవాడు పక్కపాయ పట్టినట్లు, రహీం అతనిని ముందువరుసకు పంపినారు. సెమీఫైనల్‌లో అతడొక గోలు చేసినాడు. సెప్టెంబరు 4న అంతిమ పోటీలో ఎదుట నిలిచినది మరల కొరియాయే. ప్రేక్షకులలో అధికులు మనకు ప్రతికూలురు. ఫ్లూ జ్వరంనుండి లేచిన పొడగరి తంగరాజ్‌ను గోలులో నిలిపినారు. పి. కె. బెనర్జీ మొదటి గోలు చేయగా, మూడు నిమిషాలకే జర్నైల్ రెండవది చేసినాడు. కొరియా ఆలస్యంగా ఒకటి తీర్చుకొన్నది. 2–1తో స్వర్ణం మనదైనది.

ఏడాది తిరుగకుండగనే, 1963 జూన్ 11న, రహీం సాహెబు కేన్సరు వ్యాధితో కన్నుమూసినారు. అప్పటికి ఆయన వయస్సు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు 1970లో కాంస్యం దక్కినది. స్వర్ణం మాత్రం మరల రాలేదు.