మన్రో దొర చివరి క్యాంపు

మన జిల్లాలో రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయిన వారికి సర్ థామస్ మన్రో పేరు కొత్త కాదు. రైతుకు నేరుగా పట్టా ఇచ్చి, అతని వద్దనే శిస్తు తీసుకొనే రైత్వారీ పద్ధతికి ఆయన పేరే ముందు చెబుతారు. ఆయన పాలనలోని మంచిచెడ్డల గురించి పెద్దలు ఎన్నో పుస్తకాలు వ్రాశారు. నేను ఆయన జీవితాన్ని ఒక ఉద్యోగి జీవితంగా మాత్రమే చెప్పదలచాను. రోజువారీ పనిలో పొంచి ఉండే అపాయాలను ఆయన ఎట్లా గుర్తించారు, ఎట్లా అదుపు చేశారు, చివరకు ఏ అపాయాన్ని ఆయన గానీ, ఆ కాలం గానీ గుర్తించలేకపోయింది అన్నదే నా విషయము.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో జన్మించారు. తండ్రి వర్తకుడు. అమెరికా యుద్ధంలో ఆయన వ్యాపారం దెబ్బతిన్నది. కొడుకు కంపెనీ సైన్యంలో కేడెట్టుగా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. వచ్చిన ఏడాదే హైదరాలీతో యుద్ధం. ఆ తరువాత 1792 నుండి 1799 వరకు బారామహల్‌లో కెప్టెన్ రీడ్ క్రింద శిస్తు లెక్కలు నేర్చుకున్నారు. కత్తి పట్టిన చేయి కలం పట్టింది అక్కడే.

1800లో నిజాము బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని కంపెనీకి అప్పగించాడు. ఇవే దత్తమండలాలు. మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి అనంతపురంలో కచేరి పెట్టారు. అప్పటికి ఈ సీమలో సుమారు 80 మంది పాళెగాళ్ళు, వారి వెంట ఆయుధాలు పట్టిన మనుషులు. శిస్తు వసూలుకు పోవడమంటే ప్రాణాలు అరచేత పెట్టుకొని పోవడమే. 1801లో తెర్నేకల్ గ్రామంలో శిస్తు తగాదా ముదిరి తహశీల్దారును చంపివేశారు. ఆ ఊరు నేడు కర్నూలు జిల్లాలో ఉన్నది. సైన్యం వెళ్ళి కోటను పట్టుకొనవలసి వచ్చింది. ఉద్యోగధర్మంలో ప్రాణం పోయిన ఆ తహశీల్దారును మన బోటివారు ఒకసారి తలచుకోవాలి.

ఈ అపాయానికి మన్రో చేసిన ఉపాయం, మూలాన్నే తీసివేయడం. పాళెగాళ్ళ సాయుధ బలగాలను రద్దు చేశారు. కొందరిని వెళ్ళగొట్టారు, కొందరికి భరణం ఇచ్చారు. ఇందులో ఆయన చాలా కఠినంగా పోయారని లండనులోని కంపెనీ డైరెక్టర్లే తప్పు పట్టారు. పాళెగాళ్ళ వంశాలకు అది తీరని నష్టమే. అయితే వసూలుకు పోయే చిన్న ఉద్యోగి భయం లేకుండా ఊరిలో అడుగు పెట్టగలిగింది ఆ తరువాతనే.

ఆయన మాత్రం ఏళ్ళ తరబడి డేరాలలోనే కాపురం చేశారు. ఊరూరా తిరుగుతూ, తన గుడారం వద్ద సిపాయిల కాపలా లేకుండానే రైతులతో మాట్లాడేవారు. తుపాకి పట్టిన మనిషి గుమ్మంలో నిలబడితే రైతు నోరు విప్పడు. రైతు నోరు విప్పకపోతే ఎక్కడ ఏ గొడవ రాజుకొంటున్నదో అధికారికి తెలియదు. కాబట్టి కాపలా లేకపోవడమే ఆయనకు పెద్ద కాపలా అయింది.

రెండవది కొలతలో ఉండే అపాయము. 1802లో ఆయన సర్వే మొదలు పెట్టించారు. 33 అడుగుల గొలుసు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట, అట్టివి 40 అయితే ఒక ఎకరా. నేటికీ మనము గుంటల లెక్క చెప్పుకుంటున్నాము. గొలుసు పట్టిన గుమాస్తా చేయి కొంచెము వాలితే రైతు తరతరాలు లేని భూమికి శిస్తు కట్టాలి, లేదా సర్కారు నష్టపోవాలి. అందుకని ఒకరు కొలిచిన దానిని పైవారు మళ్ళీ కొలిచే ఏర్పాటు చేశారు. భూమి తరగతి నిర్ణయించడానికి వేరే మనుషులను పెట్టారు. ఒక మనిషి చేతిలోనే పని మొదలై అతని చేతిలోనే ముగిస్తే తప్పు బయటపడదు అన్న సంగతి ఆయనకు బాగా తెలుసు. మన ఆఫీసులలో చెక్ మెజర్‌మెంటు పెట్టినదీ ఇందుకే.

మూడవది కరువు. మన పీఠభూమిలో వాన నమ్మదగిన చుట్టము కాదు. వాన పడని ఏట నిండు శిస్తు అడిగితే రైతు ఊరు విడిచి పోతాడు. ఆయన 1807లో ఇంగ్లండు వెళ్ళబోయే ముందు, శిస్తును నూటికి 25 వంతున తగ్గించాలని పైవారికి వ్రాశారు. పైవారు అప్పట్లో ఒప్పుకోలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరయి తిరిగి వచ్చిన తరువాతనే ఆ తగ్గింపు అమలు దారి పట్టింది. అపాయాన్ని కనిపెట్టినవాడికి అధికారం లేకపోతే ఎన్నేళ్ళు ఆలస్యమవుతుందో చూడండి.

ఇక చివరి క్యాంపు. మన్రో రాజీనామా పంపుకొని, తన స్థానంలో వచ్చే గవర్నరు కోసం ఎదురు చూస్తున్నారు. మనము రిలీవు కావడానికి ఎదురు చూసినట్లే అనుకోండి. భార్య, పిల్లవాడు అప్పటికే ఇంగ్లండు చేరారు. ఆయన వయస్సు 66. స్వదేశం వెళ్ళే ముందు దత్తమండలాల ప్రజలను ఒకసారి చూడాలని 1827 మేలో మద్రాసు నుండి బయలుదేరారు. దారిలో క్యాంపులో కలరా కనిపించింది. జూలై మొదటి వారంలో గుత్తి చేరేసరికి వెంట వచ్చిన వారిలో మరణాలు మొదలయ్యాయి. అక్కడి నుండి పత్తికొండకు డేరాలు మార్చారు. జూలై 6 ఉదయం ఆయనకే కలరా తగిలింది. ఆ రాత్రి ప్రాణం పోయింది. దేహాన్ని గుత్తిలో సమాధి చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు.

పాపఘ్ని నదిపై గండిలో బంగారు తోరణం ఆయన కంటికి కనపడిందనీ, అది చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనపడుతుందనీ మన పెద్దలు చెప్పుకుంటారు. ప్రజలకు ఆయనపై ఉన్న గౌరవానికి అది గుర్తు. ఆయనను మాండవ్య ఋషి అన్నవారూ ఉన్నారు, పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవారూ ఉన్నారు. కాని తోరణం చూసినా చూడకపోయినా ఆయనను తీసుకుపోయింది కలరాయే.

ఆ రోజుల్లో కలరా చెడు గాలి వలన వస్తుందని వైద్యులే నమ్మేవారు. గాలి చెడిందని డేరా మార్చేవారు, కాని త్రాగే నీటిని మార్చాలని తోచేది కాదు. కలరా నీటి ద్వారా వస్తుందని లండనులో డాక్టర్ జాన్ స్నో 1854లో గట్టిగా చూపించే నాటికి మన్రో పోయి 27 ఏళ్ళు. పాళెగాని కత్తిని, గొలుసు తప్పును, కరువును పసిగట్టిన మనిషిని చెంబెడు నీళ్ళలోని కంటికి కనపడని క్రిమి కూల్చింది. ఆయనతోపాటు పోయిన సిపాయిలకు, పనివాళ్ళకు విగ్రహాలు లేవు, పేర్లూ లేవు. ఒకే క్యాంపు, ఒకే అపాయము.

ఆయన జ్ఞాపకార్థం గుత్తిలో సత్రం కట్టారు. పత్తికొండలో చెట్ల తోపు వేసి, రాతిమెట్ల బావి త్రవ్వించారు. బాటసారికి నీరు ఇవ్వడం పుణ్యమే. కాని మెట్లు దిగి కాళ్ళు తడుపుకొని నీరు ముంచుకొనే దిగుడు బావుల వల్లనే నారికురుపు వ్యాపిస్తుందని మనకు తరువాత తెలిసింది. నీటిని వడకట్టి త్రాగడం, మెట్ల బావులను చేద బావులుగా మార్చడం, చేతి పంపులు వేయడం వంటి చిన్న చిన్న పనులతో ఆ జబ్బును అదుపు చేశారు. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి నారికురుపు నుండి విముక్తి ప్రకటించింది.

మిత్రులారా, మన పని అయిపోయింది గాని మన పిల్లల పని అయిపోలేదు. రాత్రి కరెంటు వచ్చిందని చీకటిలో బోరు మోటారు వేయడానికి పోయే కొడుకు ఉన్నాడు, వేరుశనగ చేనుకు మందు కొట్టే అల్లుడు ఉన్నాడు. రోజూ చేసే పనే కదా అన్న ధీమాలోనే అపాయము దాక్కొని ఉంటుంది. పనికి పోయే ముందు ఇందులో అపాయము ఎక్కడున్నది, దాని మూలం తీసివేయగలమా, లేకుంటే ఎట్లా తగ్గించుకోవాలి అని ఒక్క నిమిషం ఆలోచించమని వారికి చెప్పండి. టార్చి, కాళ్ళకు చెప్పులు, ముఖానికి గుడ్డ, స్టార్టరుకు ఎర్తు తీగ, ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. మన్రో కాలానికి తెలియనిది మనకు తెలుసు. తెలిసి కూడా ఊరకుంటే తప్పు కాలానిది కాదు, మనదే అవుతుంది.