సిక్సర్ల నాయుడు.. భారత తొలి టెస్టు కెప్టెన్ తెలుగోడే! కానీ ఆ దూకుడుపై 90 ఏళ్లుగా ఆగని చర్చ

టెస్టుల్లో సగటు 25. ఒక్క సెంచరీ కూడా లేదు. కెప్టెన్‌గా నాలుగు టెస్టులు ఆడితే మూడింట్లో ఓటమి, ఒకటి డ్రా. ఈ లెక్కలు చూస్తే ఎవరైనా మామూలు ఆటగాడే అనుకుంటారు. కానీ భారత క్రికెట్ బోర్డు మాజీ ఆటగాళ్లకు ఇచ్చే అత్యున్నత పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. ఏటా కుర్రాళ్లు తలపడే టోర్నీకీ ఆయన పేరే. ఆయనే కల్నల్ సీకే నాయుడు. పూర్తి పేరు కొట్టారి కనకయ్య నాయుడు.

అమరావతి ప్రాంతంలో క్రికెట్ మాట వస్తే ఇప్పటి కుర్రాళ్లు గుంటూరులో పుట్టిన ఎమ్మెస్కే ప్రసాద్, అంబటి రాయుడు పేర్లు చెబుతారు. ఇంకా చిన్నవాళ్లైతే షేక్ రషీద్ పేరు చెబుతారు. వీళ్లందరికంటే ఎన్నో ఏళ్ల ముందే, టెస్టు క్రికెట్‌లో భారత్ తొలి అడుగు వేసినప్పుడు టాస్‌కు వెళ్లింది ఓ తెలుగు కుటుంబం బిడ్డ. ఆ సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

నాగ్‌పూర్‌లో పుట్టిన తెలుగు బిడ్డ

1895 అక్టోబర్ 31న నాగ్‌పూర్‌లో ఓ తెలుగు కుటుంబంలో నాయుడు పుట్టారు. అక్కడే చదువు, అక్కడే ఆట. ఆరడుగుల మనిషి, నిటారుగా నిలబడే తీరు, బంతి పడితే వెనకడుగు వేయని స్వభావం.

1916లో బొంబాయి క్వాడ్రాంగ్యులర్ టోర్నీలో హిందూస్ జట్టు తరఫున యూరోపియన్స్‌పై తొలి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడారు. ఆయన క్రీజులోకి వచ్చేసరికి స్కోరు 79. అప్పటికే ఏడు వికెట్లు పడిపోయాయి. కొత్త కుర్రాడు ఎవరైనా ఏం చేస్తాడు? వికెట్ కాపాడుకుంటాడు. నాయుడు కూడా మొదటి మూడు బంతులు అలాగే ఆడారు. నాలుగో బంతిని మాత్రం సిక్సర్ కొట్టేశారు. ఆ తర్వాత దాదాపు 50 ఏళ్ల పాటు సాగిన ఆటకు అది ట్రైలర్ లాంటిది.

1923లో ఇండోర్‌ను పాలించే హోల్కర్ మహారాజు ఆయన్ని పిలిపించుకున్నారు. తన సైన్యంలో హోదా కూడా ఇచ్చారు. పేరు ముందు కల్నల్ అన్న మాట అలా వచ్చిందే. ఇక అక్కడి నుంచి ఇండోరే ఆయన ఊరైపోయింది.

116 నిమిషాలు.. 11 సిక్సర్లు

1926 డిసెంబర్ 1. బొంబాయి జింఖానా మైదానం. ఇంగ్లండ్ నుంచి ఆర్థర్ గిల్లిగన్ సారథ్యంలో ఎంసీసీ జట్టు వచ్చింది. హిందూస్‌తో మ్యాచ్. ఎంసీసీ బ్యాటర్ గయ్ ఎర్ల్ 8 సిక్సర్లతో 130 బాది వెళ్లాడు. మనవాళ్లకు ఇంత ఆట ఎక్కడొస్తుంది అన్న అభిప్రాయం తెల్లవాళ్లలో బలంగా ఉన్న రోజులవి.

నాయుడు బ్యాట్ పట్టుకున్నారు. 116 నిమిషాల్లో 153 పరుగులు కొట్టేశారు. అందులో 11 సిక్సర్లు. ఓ బంతి జింఖానా భవనం పైకప్పు మీద పడింది. ఆట మొదలైన సంగతి ఊరంతా పాకి, జనం పనులు వదిలేసి మైదానానికి పరుగులు తీశారని చెబుతారు. మ్యాచ్ డ్రాగా ముగిసింది. ఎంసీసీ వాళ్లే మెచ్చుకుని ఆయనకు వెండి బ్యాట్ బహూకరించారు.

ఇది ఒక ఇన్నింగ్స్ మాత్రమే కాదు. భారతీయులు టెస్టు క్రికెట్‌కు తగినవాళ్లేనన్న నమ్మకం గిల్లిగన్‌కు కలిగింది ఈ పర్యటనలోనే. దేశం మొత్తానికి ఓ క్రికెట్ బోర్డు ఉండాలన్న ఆలోచనకు ఆయన మద్దతు పలికారు. 1928 డిసెంబర్‌లో బీసీసీఐ పుట్టింది. ఆరేళ్లు తిరక్కుండానే భారత్ టెస్టు జట్టు అయింది. నాయుడు ఆ రోజు భయపడి ఆడి ఉంటే ఇదంతా ఇంకెన్నాళ్లు పట్టేదో.

లార్డ్స్‌లో తొలి టెస్టు

1932 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్‌గా ఎంపికైంది నాయుడు కాదు. పోర్‌బందర్ మహారాజా. వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుటుంబీకుడు. అప్పట్లో జట్టుకు నాయకుడంటే రాజవంశం నుంచే రావాలి. ఆటతో పెద్దగా పనిలేదు. అయితే పోర్‌బందర్ మహారాజా తన ఆట స్థాయి తెలిసిన మనిషి. టెస్టు మ్యాచ్‌కు తనంతట తానే తప్పుకున్నారు. వైస్ కెప్టెన్ కూడా లేకపోవడంతో పగ్గాలు నాయుడు చేతికొచ్చాయి. ఆయన కింద ఆడలేమంటూ కొందరు ఆటగాళ్లు టెస్టుకు ముందు రాత్రి మొండికేశారని, మహారాజా గట్టిగా చెప్పడంతో దిగొచ్చారని ఓ కథనం ప్రచారంలో ఉంది.

జూన్ 25న లార్డ్స్‌లో మ్యాచ్ మొదలైంది. ఇంగ్లండ్ కెప్టెన్ డగ్లస్ జార్డిన్. మహమ్మద్ నిస్సార్ నిప్పులు చెరగడంతో ఇంగ్లండ్ 19 పరుగులకే 3 వికెట్లు కోల్పోయింది. ఆ తర్వాత కోలుకుని 259 చేసింది. ఫీల్డింగ్‌లో నాయుడు చేతికి దెబ్బ తగిలింది. అయినా బ్యాటింగ్‌కు దిగి 40 పరుగులు చేశారు. భారత తొలి ఇన్నింగ్స్‌లో అదే టాప్ స్కోర్. భారత్ 158 పరుగుల తేడాతో ఓడింది. కానీ పరువు పోలేదు.

ఆ పర్యటన మొత్తంలో 26 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లూ ఆడిన నాయుడు 1,618 పరుగులు చేశారు. 65 వికెట్లు కూడా తీశారు. వార్విక్‌షైర్‌పై ఎడ్జ్‌బాస్టన్‌లో 162 కొట్టారు. ఆ మ్యాచ్‌లో ఆయన కొట్టిన ఓ సిక్సర్ పక్కనున్న రియా నది దాటి వేరే కౌంటీలో పడిందని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. కథలో ఎంత నిజమున్నా, ఆ కథ పుట్టడానికి కారణం మాత్రం ఆయన బ్యాటే. 1933లో విజ్డెన్ ఆయన్ని ఏటి మేటి ఐదుగురు క్రికెటర్లలో ఒకరిగా ఎంపిక చేసింది. భారత జట్టుకు ఆడుతూ ఆ గౌరవం అందుకున్న మొదటి ఆటగాడు ఆయనే.

1933 డిసెంబర్‌లో సొంతగడ్డపై తొలి టెస్టు. వేదిక మళ్లీ బొంబాయి జింఖానాయే. లాలా అమర్‌నాథ్ 118 కొట్టి భారత్ తరఫున తొలి టెస్టు సెంచరీ వీరుడయ్యారు. అవతలి ఎండ్‌లో 67 పరుగులతో అండగా నిలిచింది కెప్టెన్ నాయుడు. అప్పుడు కూడా ఓటమి తప్పలేదు. సిరీస్ 2-0తో ఇంగ్లండ్‌దే.

ఇద్దరు తెలుగు నేల మనుషులు.. ఒకే జట్టు.. పడని పొత్తు

1936 నాటికి సీన్ మారిపోయింది. ఇంగ్లండ్ పర్యటనకు విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజ్జీ కెప్టెన్ అయ్యారు. పలుకుబడి ఉంది, డబ్బుంది, ఆట మాత్రం అంతంతే. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసింది 33 పరుగులు. 40 ఏళ్ల నాయుడు ఆయన కింద మామూలు ఆటగాడిగా వెళ్లాల్సి వచ్చింది.

జట్టు రెండు వర్గాలుగా చీలింది. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో తొలి టెస్టుకు ముందే ఇంటికి పంపించేశారు. టిఫిన్ దగ్గర అందరి ముందూ నాయుడిని అవమానించిన ఆటగాడికి ఓవల్ టెస్టులో చోటు దక్కిందన్న ఆరోపణ భారత క్రికెట్‌లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఆ ఓవల్ టెస్టే నాయుడికి చివరిది. ఫాలోఆన్ ఆడుతున్న జట్టు. గబ్బీ అలెన్ వేసిన బంతి సరిగ్గా గుండె మీద తగిలింది. అప్పట్లో ఛాతీకి గార్డులు లేవు, తలకు హెల్మెట్ లేదు. నాయుడు క్రీజు వదల్లేదు. 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే. మ్యాచ్ పోయింది. ఆ తర్వాత పదేళ్లు భారత్‌కు టెస్టులే లేవు.

చర్చ ఎక్కడ మొదలవుతుందంటే..

నాయుడిని తక్కువ చేసి చూసేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. 7 టెస్టులు, 350 పరుగులు, 9 వికెట్లు. నిలబడాల్సిన చోట గాల్లోకి లేపి అవుటైతే జట్టుకు నష్టమే కదా అన్నది వాళ్ల ప్రశ్న. అదే కాలంలో విజయ్ మర్చంట్ ఓపికతో, సాంకేతికంగా తప్పు పట్టలేని ఆటతో పరుగుల కొండలు పేర్చారు. బొంబాయి బ్యాటింగ్ బడి మొత్తం ఆ దారిలోనే నడిచింది. గాలిలో బంతి కొట్టడం తప్పు అని భారత క్రికెట్ ఎన్నో ఏళ్లు పిల్లలకు నూరిపోసింది.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. నాయుడు కఠినమైన కెప్టెన్. దెబ్బ తగిలిందని మైదానం వీడితే ఒప్పుకునేవారు కాదు. తాను భరించినంత నొప్పి అందరూ భరించాలనుకునేవారు. దాంతో భయపడ్డవాళ్లున్నారు, దూరమైనవాళ్లున్నారు. జట్టులో గొడవలన్నిటికీ రాజులే కారణం అనడం కూడా పూర్తి నిజం కాదు.

అయితే రెండో వైపు లెక్క చూడాలి. నాయుడు తొలి టెస్టు ఆడేసరికి 36 ఏళ్లు నిండిపోయాయి. బ్యాటర్‌గా కండబలం, కంటిచూపు బాగా ఉన్న 21 నుంచి 36 వరకూ భారత్‌కు టెస్టులే లేవు. అంటే ఇవాళ చాలామంది రిటైర్మెంట్ ప్రకటించే వయసులో ఆయన అరంగేట్రం చేశారు. ఆ 25 సగటును పక్కన పెట్టి ఫస్ట్ క్లాస్ రికార్డు తీస్తే 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు కనిపిస్తాయి.

కెప్టెన్‌గా ఆయన సత్తా చూడాలన్నా నాలుగు టెస్టులు చాలవు. హోల్కర్ జట్టును చూడాలి. రాజుల రాజకీయం అడ్డు లేని చోట, తన చేతుల్లో జట్టు ఉన్నప్పుడు ఏం చేశారో అక్కడ తెలుస్తుంది. 1944-45 నుంచి 1952-53 వరకు తొమ్మిది సీజన్లలో హోల్కర్ ఎనిమిది సార్లు రంజీ ఫైనల్ చేరింది. నాలుగు సార్లు కప్పు కొట్టింది. ముస్తాక్ అలీ, సర్వతే లాంటి వాళ్లు ఆ జట్టులోనే వెలిగారు. 1945-46లో మైసూర్‌పై హోల్కర్ ఒకే ఇన్నింగ్స్‌లో 8 వికెట్లకు 912 పరుగులు చేసింది. ఆరుగురు సెంచరీలు కొట్టారు. ఆ ఆరుగురిలో 50 ఏళ్ల కెప్టెన్ కూడా ఒకరు. అదే సీజన్‌లో బరోడాపై 200 బాదారు. కెరీర్‌లో అదే అత్యధికం.

దూకుడు అంటే గుడ్డిగా ఊపడం కాదని ఈ రికార్డు చెబుతోంది. మొదటి మ్యాచ్‌లో ఆయన మూడు బంతులు చూసి నాలుగోది కొట్టారన్న విషయం కూడా మర్చిపోకూడదు. మిర్చి, పత్తి వేసే గుంటూరు, ప్రకాశం రైతుకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. రేటు ఉంటుందో లేదో తెలియకుండానే ఎకరాలకు ఎకరాలు వేస్తాడు. కానీ నేల చూడకుండా, అదును చూడకుండా విత్తనం వేయడు.

58 ఏళ్ల వయసులో ఆంధ్ర జట్టుకు

నాయుడు మనవాడా, నాగ్‌పూర్‌వాడా, ఇండోర్‌వాడా అన్నది మరో చర్చ. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ రెండూ ఆయన్ని తమవాడనే అంటాయి. అందులో తప్పూ లేదు. కానీ ఒక్క విషయం తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాలి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని, ఆ తర్వాత గుంటూరులో హైకోర్టు. అదే 1953-54 సీజన్‌లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీ ఆడింది. నాలుగు సార్లు రంజీ గెలిచిన నాయుడు, 58 ఏళ్ల వయసులో ఆ పసికూన జట్టు తరఫున బరిలోకి దిగారు. కొత్తగా సంపాదించుకోవాల్సిన పేరేమీ లేదు. ఓడితే పోయేది ఆయన పేరే. అయినా ఆడారు.

అక్కడితోనూ ఆగలేదు. 1956-57లో 61 ఏళ్ల వయసులో ఉత్తరప్రదేశ్‌కు రంజీ ఆడారు. చివరి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ 1963-64లో. అప్పటికి 68 ఏళ్లు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆ పురస్కారం పొందిన తొలి క్రికెటర్ ఆయనే. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

ఆయన పోయాక..

తమ్ముడు సీఎస్ నాయుడు భారత్ తరఫున 11 టెస్టులు ఆడారు. కూతురు చంద్ర నాయుడు దేశంలో తొలితరం మహిళా క్రికెట్ కామెంటేటర్లలో ఒకరు. తండ్రి జీవితంపై పుస్తకం కూడా రాశారు.

1994లో బీసీసీఐ కల్నల్ సీకే నాయుడు జీవన సాఫల్య పురస్కారం మొదలుపెట్టింది. మొదటి గ్రహీత ఎవరో తెలుసా? లాలా అమర్‌నాథ్. 1933లో నాయుడితో కలిసి ఆడి సెంచరీ కొట్టిన కుర్రాడు, 1936లో అర్ధంతరంగా ఇంటికి వచ్చేసిన ఆటగాడు.. తన తొలి కెప్టెన్ పేరిట ఉన్న పురస్కారం అందుకున్నారు.

ఇప్పుడు 23 ఏళ్ల లోపు కుర్రాళ్లు ఆడే కల్నల్ సీకే నాయుడు ట్రోఫీలో ఆంధ్ర జట్టు కూడా బరిలో ఉంటుంది. ఆ టోర్నీలో బాగా ఆడితే రంజీకి, అక్కడి నుంచి ఐపీఎల్‌కు దారి. ఐపీఎల్ వేలంలో కోట్లు పలికేది బంతిని స్టాండ్స్‌లోకి పంపగలిగేవాళ్లకే. ఒకప్పుడు తప్పు అన్న ఆటే ఇవాళ జీతం తెచ్చిపెడుతోంది.

టెస్టుల్లో సగటు 25 అన్న లెక్క మారదు. మూడు ఓటములూ మారవు. కానీ ఏడు వికెట్లు పడ్డాక కూడా నాలుగో బంతిని సిక్సర్ కొట్టొచ్చని 1916లోనే చూపించిన మనిషి ఆయన. మంగళగిరి దగ్గర నవులూరు స్టేడియంలో ఇవాళ ప్యాడ్లు కట్టుకునే కుర్రాడికి ఆ ధైర్యం కొత్తగా అనిపించకపోవచ్చు. దానికి మొదటి మూల్యం చెల్లించింది మాత్రం ఓ తెలుగు నాయుడు.