బుడ్డల చట్నీ, యెల్లాప్రగడ సుబ్బారావు గారు

మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు వేరుశనగల్ని బుడ్డలు అంటారు. సీజన్లో ఆదోని మార్కెట్ యార్డుకి పత్తితో పాటు బుడ్డల బస్తాలు కూడా వస్తాయి. ఇంట్లో జొన్నరొట్టె చేస్తే పక్కన బుడ్డల చట్నీ ఉండాల్సిందే. అవే బుడ్డలు హాస్టల్‌కి వచ్చేసరికి పీనట్ బటర్ అయిపోయి, జిమ్‌కి వెళ్లేవాళ్ల అల్మారాల్లో కూర్చుంటాయి. డబ్బా వెనక ప్రోటీన్ ఎంత ఉందో చూస్తాం, అంతే. అదే గింజలో ఫోలేట్ అనే విటమిన్ కూడా ఉంది. దాన్నే బి9 అంటారు. ల్యాబ్‌లో తయారైన దాని రూపం ఫోలిక్ యాసిడ్. దాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన తెలుగాయనే. పేరు యెల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. నాన్నగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బు చేసి ముందే ఉద్యోగం మానేయాల్సి వచ్చింది. ఇల్లు గడవడమే కష్టం. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇంట్లోంచి పారిపోయారు. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ప్లాన్. అమ్మ వెంకమ్మగారు వెనక్కి తెప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. చదువూ సాఫీగా సాగలేదు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవలేదు, అది కూడా మద్రాసు వెళ్లాక. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవచ్చు.

తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు మామగారు సాయం చేశారు. అది గాంధీగారి పిలుపు మీద విదేశీ బట్టలు వదిలేస్తున్న కాలం. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌కి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. చదువులో లోపం లేకపోయినా చివరికి ఎంబీబీఎస్ ఇవ్వలేదు, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ ఇచ్చారు.

ఈలోపు ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్నదమ్ముల్లో ఇద్దరు కొద్ది కాలం తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఈ జబ్బులో పేగులు ఆహారంలోని సారాన్ని పీల్చుకోలేవు. ఆగని విరేచనాలు, నోట్లో పుళ్లు, రక్తం తగ్గిపోవడం... మనిషి తింటూనే ఎండిపోతాడు. తర్వాత అదే జబ్బు సుబ్బారావుకీ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. కొన్నాళ్లు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో పాఠాలు కూడా చెప్పారు. అయితే ఈ జబ్బు ఎందుకు వస్తుందో, దేనితో తగ్గుతుందో తెలుసుకోవాలన్న పట్టుదల మాత్రం ఆయన్ని వదల్లేదు.

1922 అక్టోబర్‌లో బోస్టన్ చేరారు. ప్రయాణానికి మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేశారు. హార్వర్డ్‌లో సీటు వచ్చింది కానీ స్కాలర్‌షిప్ రాలేదు. దాంతో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగే ఉద్యోగం. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. కొన్నేళ్లలో తిరిగొస్తానని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. వాళ్లకు పుట్టిన కొడుకు నెలల వయసులోనే చనిపోయాడు. సైన్స్ పుస్తకాల్లో శేషగిరిగారి పేరు ఉండదు, కానీ ఈ కథలో ఎక్కువ పోగొట్టుకున్నది ఆవిడే అనిపిస్తుంది.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో వచ్చిన ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో దశాబ్దాల పాటు వాడారు. తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని గుర్తించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఆ పని చేశారు. మనం ఏం తిన్నా, రొట్టె అయినా పీనట్ బటర్ అయినా, కణంలో పని జరగాలంటే చివరికి ఆ శక్తి ఏటీపీ రూపంలోకి మారాలి. జిమ్ బ్యాచ్ రోజూ మాట్లాడుకునే క్రియాటిన్ కథ కూడా ఈ పనితో ముడిపడినదే. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు.

1940లో ఆయన న్యూయార్క్ దగ్గరున్న లెడర్లే అనే మందుల కంపెనీకి మారారు, త్వరలోనే అక్కడ రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు. అప్పటికి ఫోలిక్ యాసిడ్ కథ సగం నడిచింది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టర్ బొంబాయిలో గర్భిణులైన పేద స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్ సారంతో అది తగ్గుతోందని గమనించారు. ఆ సారంలో ఏముందో మాత్రం తేలలేదు. 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థం తీసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీదుగా ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కానీ అన్ని ఆకులు నూరినా చిటికెడు కూడా రాదు. దాన్ని ల్యాబ్‌లో తయారుచేసే దారిని సుబ్బారావు బృందం 1945లో ప్రకటించింది. వెంటనే టామ్ స్పైస్ అనే డాక్టర్ రోగుల మీద వాడి చూస్తే రక్తహీనత తగ్గింది, స్ప్రూ రోగులు కోలుకున్నారు. తన అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బుకి మందు దొరికింది. కాకపోతే పాతికేళ్లు ఆలస్యంగా.

ఇంకో మలుపు ఉంది. కణాలు విభజన చెందాలంటే ఫోలేట్ కావాలి, క్యాన్సర్ కణాలకు కూడా. అయితే ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ దాని పనిని అడ్డుకునే పదార్థం చేస్తే? సుబ్బారావు బృందం చేసిన అమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన చెప్పిన 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్‌కి, కీళ్లవాతానికి వాడుతున్నారు. బోదకాలుకి ఇచ్చే డీఈసీ మాత్ర, ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా ఆయన డైరెక్టర్‌గా ఉన్నప్పుడు లెడర్లేలోనే వచ్చాయి. 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. 1995లో మన పోస్టల్ శాఖ ఆయన పేరున స్టాంపు వేసింది.

ఇప్పుడు బుడ్డల దగ్గరికి వద్దాం. 100 గ్రాముల పచ్చి గింజల్లో సుమారు 25 గ్రాముల ప్రోటీన్, 240 మైక్రోగ్రాముల ఫోలేట్, 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంటాయి. నియాసిన్ మాట మా ఊళ్లకు ముఖ్యం. దక్కన్‌లో జొన్నే ప్రధానంగా తినే పేదల్లో నియాసిన్ లోపంతో వచ్చే పెల్లగ్రా అనే జబ్బును హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు 1960 ప్రాంతంలో వివరించారు. అంటే జొన్నరొట్టె పక్కన బుడ్డల చట్నీ రుచి కోసమే కాదు, రొట్టెలో లోటును కూడా కొంత పూరిస్తుంది. మన అవ్వలకు నియాసిన్ అనే పేరు తెలీదు, జత మాత్రం సరిగ్గా కుదిర్చారు.

అలాగని పీనట్ బటర్‌ని మందు అనుకోకూడదు. వేయిస్తే ఫోలేట్ కొంత పోతుంది, కాబట్టి రెండు చెంచాల పీనట్ బటర్‌లో దక్కేది 30 మైక్రోగ్రాముల లోపే. క్యాలరీలు మాత్రం 190 దాకా. కొన్ని డబ్బాల్లో చక్కెర, ఉప్పు, పామాయిల్ కలుపుతారు, లేబుల్ చూసి కొనాలి. వేయించిన బుడ్డల్ని మిక్సీలో ఆగి ఆగి తిప్పితే వాటి నూనెతోనే ముద్దవుతుంది, వేరే ఏం కలపక్కర్లేదు. తడిలో నిల్వ ఉండి బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది వేయించినా పూర్తిగా పోదు. అలాంటివి ఏరి పారేయాలి. బుడ్డలు పడని అలర్జీ ఉన్నవాళ్లు అసలు ముట్టకూడదు.

రక్తహీనత ఉన్నవాళ్లకి చట్నీ ఒక్కటే చాలదు. ప్రభుత్వ బడుల్లో అమ్మాయిలకు వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. గర్భం రాకముందు నుంచే రోజూ ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే బిడ్డ వెన్నుపాములో లోపాలు చాలావరకు తగ్గుతాయని 1991లో తేలింది. కడుపులో తిప్పుతుందని ఆ మాత్రని కిటికీలోంచి విసిరేసే పిల్లలు ప్రతి ఊళ్లో ఉంటారు. మీ చెల్లెలు వాళ్లలో ఉంటే, అన్నం తిన్నాక వేసుకోమనండి. ఎందుకని అడిగితే సుబ్బారావు గారి కథ చెప్పండి.